కారు పంతులమ్మ

మొన్న ఆదివారం పొద్దున్నే మా పాత కారు కింద దూరి, రేడియేటర్ అడుగున ఉండే ప్లాస్టిక్ మర వదులు చేస్తున్నాను. ముందు చుక్కలుగా, తర్వాత సన్నటి ధారగా, ఇంజన్ని చల్లబరిచే ఆకుపచ్చ కూలెంట్ టబ్బులోకి పడటం మొదలైంది. తియ్యటి వాసన వచ్చింది. బెల్లప్పాకం వాసన కాదు, పండు వాసనా కాదు. మందుల షాపులో సిరప్ సీసా పగిలితే ఎలా ఉంటుందో అలా ఉంది. మా ఆవిడ వరండాలోంచి, "మెకానిక్కు ఎదురుగానే ఉన్నాడు కదండీ, మీకెందుకీ తిప్పలు?" అంది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. సరిగ్గా ఈ ప్రశ్నే నేను ఒకావిడని ఎన్నోసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా ఆవిడ ఒక్కో సమాధానం చెప్పేది. అందులో ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. పేరు రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. చిలకలూరిపేటలో మా వీధివాళ్ళు కూడా ఆవిణ్ణి పేరుతో పిలిచేవాళ్ళు కాదు. ఎదురుగా పంతులమ్మగారు, చాటున కారు పంతులమ్మ. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైంది. ఆవిడ మేడ మీద వాటాలో నేను చాలా కాలం అద్దెకున్నాను.

అద్దెకోసం మొదటిసారి వెళ్ళినప్పుడు గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడింది.

"ఏం పని చేస్తుంటావు?"

"మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్నండి."

"తాగుతావా?"

"కాఫీ, టీ రెండూ తాగుతానండి."

"నేనడిగింది దాని సంగతి కాదని నీకు తెలుసు, నాకూ తెలుసు."

"లేదండి, అలవాటు లేదు."

"అయితే సామాను తెచ్చుకో."

అంతే. ఎవరి తాలూకు, ఏ ఊరు, జీతమెంత, ఇవేమీ అడగలేదు. సామాను దింపిన రోజు సాయంత్రానికి మాత్రం మెట్ల కింద గోడకి ఒక కొక్కెం కొట్టించింది. "డ్యూటీ నుంచి రాగానే ఆ చొక్కా ఇక్కడ తగిలించి పైకెళ్ళు. నువ్వు మెట్లెక్కుతుంటే నేను తుమ్ముతున్నాను," అంది. మిర్చి గోదాములో పనిచేసేవాడి బట్టలు ఎంత ఉతికినా ఘాటు పోదు. నాకు ఆ వాసన తెలియడం ఎప్పుడో మానేసింది. ఆవిడ మాత్రం నేను వీధి మలుపు తిరిగానని ముక్కుతోనే చెప్పేసేది.

ఇక కారు. తెల్లటి పాత చిన్న కారు. ఎండకి తలుపుల మీద రంగు వెలిసిపోయి, బీరువాలో దాచిన పెళ్ళిచీర అంచులా పసుపు తిరిగింది. ఎక్కువ తిరిగేది కాదు. నెలకోసారి పిడుగురాళ్ళ దగ్గరున్న చెల్లెలి ఇంటికి, ఎప్పుడన్నా సింగరాయకొండ గుడికి, వీధిలో ఎవరికైనా నొప్పులొస్తే ఆస్పత్రికి. ఈమాత్రం తిరుగుడుకి ఆవిడ చేసే సేవ చూస్తే నాకు నవ్వొచ్చేది. ఏటా కోటప్పకొండ తిరునాళ్ళ అయిపోయిన తర్వాతి ఆదివారం, ఎండలు ముదరకముందే, రేడియేటర్‌లోని పాత కూలెంట్ అంతా వదిలేసి కొత్తది పోసేది. ఎవర్నీ పిలిచేది కాదు. మంగళగిరి చీర కుచ్చిళ్ళు నడుముకి దోపి, కారు ముందు గోనెసంచి పరుచుకుని, తనే పడుకుని కిందికి దూరేది.

మొదటి ఏడాది ఆ గోనెసంచి నేనే ఇచ్చాను. గోదాము నుంచి తెచ్చినది. మేలు చేశాననుకున్నాను. ఆవిడ కారు కిందికి వెళ్ళిన కాసేపటికి తుమ్ములు మొదలయ్యాయి. ఒకటి, ఇంకోటి, కారు కూడా ఊగుతోందా అన్నంత గట్టిగా. చివరికి కళ్ళు ఎర్రగా, ముక్కు ఇంకా ఎర్రగా బయటికొచ్చి నన్ను చూసింది.

"మిర్చి గోతం ఇచ్చావా నాకు?"

"దులిపే తెచ్చానండి."

"నువ్వు దులిపితే దానికి దుమ్ము పోతుందా, నీ దుమ్ము కూడా పడుతుందా?"

తిట్టు అక్కడితో సరి. వెళ్ళి ముఖం కడుక్కొచ్చి, పాత దుప్పటి పరుచుకుని మళ్ళీ దూరింది.

ఆవిడ పని చేసే తీరు నాకు కొత్తగా ఉండేది. ముందు అరచెయ్యి బానెట్ మీద పెట్టేది, పిల్లాడి నుదురు చూసినట్టు. కిందటి సాయంత్రం నుంచీ కారు కదలకపోయినా సరే, పెట్టాల్సిందే. చల్లగా ఉందని నమ్మకం కుదిరాకే అడుగు మర వదిలేది. ధార సన్నగా మొదలయ్యాక పైన రేడియేటర్ మూత తీసేది. గాలి ఆడగానే కింద ధార లావయ్యేది. "చూశావా, పైన దారిస్తేనే కింద దిగుతుంది," అనేది, అది నేను కనిపెట్టినట్టు నాకేసి చూస్తూ. పక్కనున్న చిన్న ప్లాస్టిక్ సీసాలో మిగిలింది కూడా వంచేది. తర్వాత మంచినీళ్ళు పోసి, వదిలి, మళ్ళీ పోసి, బయటికొచ్చే నీళ్ళు తేటగా అయ్యేదాకా కడిగేది. మా వీధి బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళు రేడియేటర్ దగ్గరికి రానిచ్చేది కాదు. బ్యాటరీ షాపు నుంచి శుద్ధి చేసిన నీళ్ళ క్యాను తెచ్చిపెట్టుకునేది.

అన్నిటికన్నా వింత, ఆవిడ సీసాల పరీక్ష. పాత కూలెంట్ కొంచెం ఒక గాజు సీసాలో పట్టి, కిందటి ఏడాది సీసా పక్కన పెట్టి, రెండూ ఎండకెత్తి చూసేది. వేళ్ళ మధ్య రుద్ది, "జిడ్డు తగులుతోందా?" అని నా చేత కూడా రుద్దించేది. నేను తగుల్తోందంటే ఎంత అని, లేదంటే సరిగ్గా చూడమని. చూశాక సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కోమనేది. కిందటేటి సీసా ఖాళీ చేసి, దానిలో ఈ ఏటిది పోసి, ఎర్ర ఇంకుతో పుర్రె బొమ్మ గీసి అటక మీద పెట్టేది. తక్కినదంతా క్యాన్‌లో పోసి, గట్టిగా మూత బిగించి, హైవే దగ్గర గ్యారేజీలో పాత నూనె తీసుకునే చోట ఇచ్చేది. "కాలవలో పొయ్యకూడదు, చెట్టుకి పొయ్యకూడదు. తియ్యగా ఉంటుంది, నోరులేని జీవాలు తాగుతాయి. లోపలికెళ్ళాక మూత్రపిండాల్ని తినేస్తుంది," అని ఏటా చెప్పేది. పని అయ్యేదాకా కూలెంట్ పట్టిన టబ్బు పక్కనుంచి లేచేది కాదు.

"మెకానిక్కుకి ఇస్తే అయిపోయేదానికి మీకెందుకండీ ఇదంతా?" అని అడిగాను ఒకసారి.

"వాడు చేస్తే వాడికి తెలుస్తుంది. నాకేం తెలుస్తుంది?"

ఇంకో ఏడాది అడిగితే, "ఇన్నేళ్ళూ ఇంజను బొమ్మ బోర్డు మీద గీసి పిల్లలకి చెప్పాను. లోపల ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండా చెప్పింది నిజమో కాదో చూసుకోవద్దా?" అంది. మూడోసారి, "ఏం, నీ దారికి అడ్డమొచ్చిందా?" అంది. వీధివాళ్ళ లెక్కలు వేరు. కొందరు పిసినారితనం అన్నారు, కొందరు పొద్దుపోక అన్నారు. ఎదురింటాయన, "మొగుడూ పిల్లలూ ఉంటే కారు కింద దూరే తీరిక ఎక్కడుంటుందండీ," అన్నాడు. ఆ మాట ఆవిడ చెవినా పడింది. "నిజమే, వాళ్ళుంటే వాళ్ళని దూరమనేదాన్ని," అంది.

పిడుగురాళ్ళ దారిలో జరిగిన ఒక సంగతి మాత్రం ఆవిడే నాకు చెప్పింది. సున్నపురాయి లారీల వెనకాల ఎండలో నెమ్మదిగా పోతూంటే కారు ఆవిర్లు కక్కి ఆగిపోయిందట. లారీ క్లీనరు ఒకతను సాయానికొచ్చి, ఈవిడ వద్దంటున్నా వినకుండా, తువ్వాలు చుట్టి రేడియేటర్ మూత తిప్పాడట. మసిలే నీళ్ళు అతని చెయ్యంతా చిమ్మాయి. "నా కళ్ళ ముందే వాడి చర్మం బొబ్బలెక్కింది. నాకు పాఠం తెలుసు, వాడికి తెలీదు. తెలిసినదాన్ని చెయ్యి పట్టుకుని ఆపొద్దూ? నోటితో చెప్పి ఊరుకున్నాను," అంది. అప్పట్నుంచి బానెట్ మీద చెయ్యి పెట్టడం, ఒక మాట పట్టుకోవడం. వేడి మీదున్నదాని మూత తియ్యకూడదు, మనిషైనా సరే.

ఆ మాట వీధంతా వాడేది. మొగుడూ పెళ్ళాలు కొట్టుకుని తీర్పుకోసం ఆవిడ దగ్గరికొస్తే లోపలికి కూడా పిలిచేది కాదు. "ఇప్పుడు ఇంజను వేడి మీదుంది. రేపు పొద్దున రండి, మూత తీద్దాం," అని తలుపేసేది. మర్నాడు సగం మంది రారు. వచ్చిన సగం మందికి నిన్న దేనికి కొట్టుకున్నారో గుర్తుండదు. అలా ఆవిడ ఒక్క తీర్పూ చెప్పకుండానే పెద్దమనిషిగా చలామణీ అయిపోయింది.

తాగుడు పేరెత్తితే మాత్రం చల్లారడమనేది ఉండేది కాదు. అద్దంకి వైపు పల్లెలో పనిచేసేటప్పుడు, సారా వద్దని ఊళ్ళల్లో ఆడవాళ్ళు లేచిన రోజుల్లో, ఈవిడ బడి అయిపోగానే వెళ్ళి వాళ్ళతో పాటు సారాకొట్టు ముందు కూర్చునేదట. ఆ సంగతి నాకు పక్కింటి సైదాబీ చెప్పింది. పంతులమ్మగారి నోట ఎప్పుడూ వినలేదు. కానీ బ్రాందీ షాపు ఉన్న వీధిలోంచి కారు కూడా పోనిచ్చేది కాదు. చుట్టు తిరిగి బస్టాండు వైపు నుంచి వచ్చేది. పెట్రోలు దండగ కదండీ అంటే, "పోనీ, కారునైనా తాగనీ," అంది.

సైదాబీ గురించి చెప్పాలి. మా గోడకి అవతల ఉండేది. భర్త పోయాక ఒకే ఒక్క గేదెతో బతుకు నెట్టుకొస్తోంది. గేదె పేరు రాణి. రాణి పాలే మా వీధి సగం కాఫీల్లోకి. మా వీధిలో గేదెల్లేని ఇళ్ళవాళ్ళు బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూర తొక్కలు పారబొయ్యరు. గిన్నెల్లో పోసి గేటు పక్కన పెడతారు. సైదాబీ పొద్దున్నే బకెట్టుతో వచ్చి, అన్నీ వంచుకుని, తవుడు కలిపి రాణికి కుడితి పెడుతుంది. ఎవర్నీ పిలవదు, అడగదు. గిన్నె వంచి, కుళాయి కింద ఒకసారి తొలిచి, గోడకి బోర్లించి పోతుంది. బోర్లించిన గిన్నె ఉందంటే సైదాబీ వచ్చి వెళ్ళిందని లెక్క.

ఒక ఏడాది, సరిగ్గా కూలెంట్ మార్చే ఆదివారమే, పంతులమ్మగారి నల్ల టబ్బు పగులిచ్చింది. కూలెంట్ పట్టడానికి వేరే ఏదీ కనపడక, రోజూ గేటు దగ్గర కుడితి నీళ్ళు పెట్టే అల్యూమినియం బేసిన్ తీసింది. కారు గేటుకి ఆనుకునే ఉంది. అంతా అయ్యింది, కూలెంట్ దిగింది. బేసిన్ ఇవతలికి లాగి క్యాన్‌లో పొయ్యబోతుండగా వంటింట్లోంచి పాలు పొంగిన వాసన. లోపలికి పరిగెత్తింది. స్టవ్ ఆపి, పొంగినవి తుడిచి వచ్చింది. నేను అప్పుడే ఇడ్లీలు కట్టించుకుని గేటు తీస్తున్నాను. బకెట్టుతో సైదాబీ ఎదురొచ్చి వెళ్ళింది. రోజూ వచ్చేదే కదా.

పంతులమ్మగారు మెట్ల మీద ఆగిపోయింది. బేసిన్ శుభ్రంగా కడిగి, గోడకి బోర్లించి ఉంది.

"నువ్వు పారబోశావా అబ్బాయ్?"

"నేనిప్పుడేగా వస్తున్నానండీ."

ఆవిడ ముఖంలో రంగు దిగిపోవడం చూశాను. చెప్పులు లేవు, జుట్టుముడి వీడిపోయింది, నన్ను పక్కకి తోసుకుని పరిగెత్తింది. అరవై దాటిన మనిషి అలా పరిగెత్తగలదని నేను అనుకోలేదు. నేనూ వెనకాలే పరిగెత్తాను. పాకలో రాణి తొట్టిలో మూతి ముంచి ఉంది. కుడితి సగానికి పైగా అయిపోయింది. పంతులమ్మగారు రెండు చేతులతో తొట్టిని ఎత్తి బోర్లదోసింది. తవుడు నీళ్ళు పాకంతా పారాయి.

సైదాబీ నోరు తెరుచుకుని చూసింది. "ఏంది పంతులమ్మా, నీకేమన్నా పట్టిందా?"

"ఆ బేసిన్‌లో నీళ్ళు నువ్వేం అనుకున్నావు?"

"ఆకుకూర కడిగిన నీళ్ళనుకున్నా. పచ్చగా ఉన్నయ్యి."

"అది కారులోది. విషం. నేను నీ గేదెకి విషం పెట్టాను సైదాబీ."

నాలాంటివాడైతే ముందు ఏం జరిగిందో, పాలు ఎలా పొంగాయో చెప్పుకొచ్చేవాణ్ణి. ఆవిడ ఆ ఒక్క మాటే చెప్పింది. సైదాబీకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అయ్యాక పాక గుంజ పట్టుకుని కింద కూర్చుంది. రాణి వైపు చూస్తూ, "ఇది పోతే నాకేముంది," అంది.

పశువుల డాక్టరుకి నా ఫోన్‌లోంచే చేశాం. ఆయన ఏదో పల్లెలో క్యాంపులో ఉన్నాడు, బయల్దేరినా రావడానికి టైం పడుతుంది. కూలెంట్ ఎంత, నీళ్ళెంత, ఎంత తాగి ఉంటుందని అడిగాడు. "గేదె పెద్ద ఒళ్ళు గనుక కాస్త తట్టుకుంటుంది. నేనొచ్చేలోపు సారాయి లాంటిది ఏదన్నా నీళ్ళలో కలిపి తాగించండి. ఆ విషం లోపల పని మొదలెట్టకుండా అది అడ్డం పడుతుంది," అని ఎంత కలపాలో చెప్పాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ముగ్గురం విన్నాం.

"నేను తెస్తానండి," అన్నాను.

"బేసిన్ వదిలేసి లోపలికెళ్ళింది నేను. నువ్వెళ్ళడమేంటి?" అంది పంతులమ్మగారు. కారు రేడియేటర్‌లో చుక్క లేదు, కదలదు. నా బండి వెనకాల ఒక పక్కకి తిరిగి కూర్చుంది. బస్టాండు వైపు తిప్పబోతే, "చుట్టు ఎందుకు, తిన్నగా పోనీ," అంది.

షాపు షట్టరు అప్పుడే ఎత్తారు. అప్పటికే జనం ఉన్నారు. ఆవిణ్ణి చూడగానే ఒకడు తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. ఇంకొకడు గోడవైపు తిరిగాడు. ఒకతను చేతిలో సీసాని లుంగీలో దోపుకుని నమస్కారం పెట్టాడు. మళ్ళీ ఇక్కడ ధర్నా మొదలెడుతుందని వాళ్ళు అనుకున్నారు.

"గేదె ప్రాణం మీదికొచ్చింది. తప్పుకోండయ్యా," అంది.

దారిచ్చారు. కౌంటర్లో కుర్రాడు మామూలుగా, "ఏ బ్రాండు?" అన్నాడు. ఆవిడ తెల్లబోయింది. ఆ ప్రశ్న వస్తుందని ఆవిడకి తోచలేదు. వెనక్కి తిరిగి అక్కడున్న అందర్నీ కలిపి చూసింది.

"రంగూ గింగూ లేకుండా, ఘాటుగా ఉండేది ఏది?"

వెనకనుంచి, మీసాలు నెరిసిన ఒకాయన మెల్లిగా చెయ్యి పైకెత్తాడు. నిజంగానే, క్లాసులో ఎత్తినట్టు.

"చెప్పు."

"తెల్లటిది ఉంటదండి, అది అడగండి. గేదెకి ఒకటి చాలదండి."

"నీకు చాలుతుందా?"

ఆయన చెయ్యి దించేశాడు. ఆవిడ ఆ తెల్లటి సీసాలు పైట చెంగులో చుట్టుకుని, మళ్ళీ నా బండెక్కింది. నాకు ఒక పక్క భయం, ఒక పక్క ఆపుకోలేని నవ్వు. ఆవిడకి రెండోది లేదు. "తొందరగా పోనియ్యి," అన్నది తప్ప ఇంకో మాట లేదు.

పాకలో సైదాబీ వెదురు గొట్టం కడిగి సిద్ధంగా పెట్టింది. పశువులకి మందు దాంతోనే పోస్తారు. సీసా మూత తియ్యగానే వాసనకి ఇద్దరాడవాళ్ళూ ముఖాలు తిప్పుకున్నారు.

"మా ఇంట్లో ఇది ఎరగం పంతులమ్మా," అంది సైదాబీ.

"మా ఇంట్లో మాత్రం ఎరుగుదుమా?"

"సరేలే. ప్రాణం పోయేకాడ పోస్తే అల్లా తప్పుపట్టడు. పట్టుకో."

నేను రాణి తలెత్తి పట్టుకున్నాను. సైదాబీ దవడ తెరిచింది. పంతులమ్మగారు నీళ్ళు కలిపి గొట్టంతో కొంచెం కొంచెంగా పోసింది. సగం లోపలికి, సగం మా ముగ్గురి మీదికి. కాసేపటికి రాణి ముందుకాళ్ళు తడబడ్డాయి. పంతులమ్మగారి భుజం మీద ఇంత తలకాయ ఆనించి, కళ్ళు సగం మూసి, బరువంతా ఆవిడ మీదేసింది. ఆవిడ కదల్లేదు. ఒక చేత్తో దాని మెడ పట్టుకుని, ఒళ్ళంతా సారాయి వాసనతో అలాగే నిలబడింది. గోడ మీంచి వీధి వీధంతా చూస్తోంది. రేపు ఎన్ని కథలు పుడతాయో నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడకి తెలీదా?

డాక్టరు వచ్చి సెలైన్లు పెట్టాడు, ఇంజెక్షన్లు చేశాడు. "మూత్రం ధారాళంగా పోస్తే గట్టెక్కినట్టే. పొయ్యకపోతే నేనేం చెప్పలేను," అని వెళ్ళాడు. ఇక అందరి కళ్ళూ అటే. ఆ రోజూ మర్నాడూ పంతులమ్మగారు పాకలోంచి ఇంటికి రాలేదు. సైదాబీ పెట్టిన ముద్ద అక్కడే తింది. వీధిలో ఎవరు ఎదురుపడినా నమస్కారం కన్నా ముందు, "పోసిందా?" అని అడగడం. నేను డ్యూటీలో ఉండి కూడా ఫోన్ చేసి అదే అడిగాను. రాణి నిలబడింది, పడుకుంది, నోటికి గడ్డి పెడితే నమలకుండా ఉంచుకుంది. పొయ్యాల్సింది మాత్రం చుక్కలు చుక్కలుగానే.

ఆ మర్నాడు పొద్దున సైదాబీ కేక మేడ మీదికి వినిపించింది. "పోస్తంది, పోస్తంది, రండమ్మా." నేను పళ్ళు తోముకునే బ్రష్షుతోనే దిగాను. ఎదురింటాయన కూడా వచ్చాడు. అందరం పాక ముందు నిలబడి ఒక గేదె ఆ పని చెయ్యడాన్ని గుళ్ళో హారతి చూసినట్టు చూశాం. పంతులమ్మగారు దాని పక్కనే తడిసిన నేల మీద కూర్చుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

రాణి కోలుకుంది. డాక్టరు ఆపమన్న రోజులు ఆపి, మళ్ళీ పాలు వీధిలోకి వచ్చాయి. ఊళ్ళో కథలూ వచ్చాయి, నేననుకున్నదానికన్నా రెండు ఎక్కువే. పంతులమ్మ బ్రాందీ కొట్టింది అని ఒకరు, గేదెకి కంపెనీ ఇచ్చింది అని ఒకరు. అవేవీ ఆవిణ్ణి తాకినట్టు లేదు. నాకు వింతగా తోచింది వేరే. గేటు పక్కన ఆ బేసిన్ పెట్టడం మానేసింది. బియ్యం కడిగిన నీళ్ళు పెరట్లో కరివేపాకు చెట్టుకి పోస్తోంది. సైదాబీ బకెట్టుతో వీధంతా తిరిగి, మా గేటు ముందు ఒక్క క్షణం ఆగి, ఖాళీ చోటు చూసి వెళ్ళిపోతోంది.

ఎవరికి ఎవరి మీద కోపమో తేలక నేనే అడిగాను. "కుడితి పెట్టడం లేదేంటండీ?"

"నా ఇంటి నీళ్ళు సైదాబీ గేదెకి పొయ్యమని ఏ ముఖంతో పెట్టను?" అంది పంతులమ్మగారు.

సైదాబీనీ అడిగాను. "కోపంగా ఉందా ఆవిడ మీద?"

"కోపమెందుకు. అబద్ధమాడితే ఉండేది." బకెట్టు కింద పెట్టి, "కానీ చెప్పొద్దూ, ఎవరింటి గిన్నె వంచినా గుండె దడదడమంటంది. ముందు వాసన చూసి వంచుతన్నా," అంది. ఇద్దరూ ఒకరికొకరు ఈ మాట చెప్పుకుంటే సరిపోయేది. నేను చెబుదామని రెండుసార్లు మెట్లు దిగి, మనకెందుకులే అని ఎక్కేశాను.

ఒకరోజు పొద్దున సైదాబీ గేటు తీసుకుని లోపలికొచ్చింది. బకెట్టు మెట్ల ముందు పెట్టి నడుం మీద చేతులేసుకుంది.

"పంతులమ్మా, కుడితేదీ?"

పంతులమ్మగారు బియ్యం కడిగిన గిన్నె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. పెరట్లోకే పోతోందేమో.

"ఇంకా నా ఇంటివి పోస్తావా నీ గేదెకి?"

"బియ్యం కడగటం మానేశావా ఏంటి?"

పంతులమ్మగారు మెట్లు దిగింది. గిన్నె వంచలేదు. పుడిసిలి పట్టి, ఆ తెల్లటి నీళ్ళు నోట్లో పోసుకుంది. మోచెయ్యి మీంచి కారుతున్నాయి. సైదాబీ వద్దనలేదు. అయ్యో అనలేదు. గొంతు దిగేదాకా కళ్ళార్పకుండా చూసింది.

"రేపు కూడా తాగుతావా?"

"తాగుతాను."

"అయితే కాస్త ఉప్పేసుకో," అని బకెట్టు ముందుకి జరిపింది.

నేను ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ప్రతి పొద్దున్నా అదే చూశాను. పంతులమ్మగారు మొదటి పుడిసెడు తను తాగేది. సైదాబీ బకెట్టు పట్టుకుని నిలబడేది. ఆవిడ మింగాకే, మిగతాది పోయించుకునేది.